పారిపోయిన నేరస్థుడి కోసం గాలింపు: పోలీసులు ఎంతవరకు వెళ్లొచ్చు?

సింగ్‌నగర్ శ్రీను (ప్రశ్న)

హత్య కేసుల్లో ఉన్న రిమాండ్ ఖైదీ ఎస్కార్ట్ కళ్లుగప్పి పారిపోయాడని వార్త వస్తే చాలు, మన బెజవాడలో ఒకటే వాదన. "అలాంటివాడి కోసం కొండ మీద ప్రతి ఇల్లూ గాలించాల్సిందే, వారెంటు గీరెంటు అంటూ కూర్చుంటే జంక్షన్‌లో రైలెక్కి పోతాడు" అని కొందరు. "వాడు దొరకలేదని వాళ్లమ్మను, తమ్ముణ్ణి తీసుకెళ్లి స్టేషన్లో కూర్చోబెట్టడమేంటి" అని కొందరు. టీవీ చర్చల్లో అరుపులే తప్ప ఒక్కరూ సెక్షన్ చెప్పరు.

విషయం తెలిసినవాళ్లు చెప్పండి. అర్ధరాత్రి తలుపు కొడితే తీయాల్సిందేనా? వీధి మొత్తం చుట్టుముట్టి ఇల్లిల్లూ చూసే అధికారం ఉందా? బంధువులను ఎంతసేపు ఉంచుకోవచ్చు? కాల్పుల సంగతేంటి? కొత్త చట్టాల నంబర్లతో చెబితే మేలు. నెట్‌లో దొరికేవన్నీ పాత సీఆర్‌పీసీ సెక్షన్లే.

గుంటూరు ప్లీడరు

శ్రీను గారూ, 2024 జులై 1 నుంచి అరెస్టు, సోదా లాంటి పద్ధతులు చెప్పే సీఆర్‌పీసీ పోయి బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత), నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ పోయి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చాయి. ఆ నంబర్లే ఇస్తాను, చట్టం పేరు చెప్పకపోతే అది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షనే.

కస్టడీ నుంచి తప్పించుకున్నవాణ్ణి పట్టుకోవడానికి వారెంటు అక్కర్లేదు. 35వ సెక్షన్ ఆ అధికారం ఇస్తుంది. తప్పించుకున్న వెంటనే దేశంలో ఎక్కడికైనా వెంటాడి పట్టుకోవచ్చని 61 చెబుతుంది. ఇంట్లోకి రావడం 44 కింద. వాడు ఆ చోట ఉన్నాడని నమ్మడానికి కారణం ఉంటే పోలీసు అడిగినప్పుడు ఇంటివాళ్లు లోపలికి రానివ్వాలి. రానివ్వకపోతే తామెవరో, ఎందుకొచ్చారో చెప్పి, తలుపు తీయమని అడిగి, అప్పటికీ తీయకపోతే పగలగొట్టి వెళ్లొచ్చు. అది రాత్రా పగలా అన్న తేడా లేదు. కాబట్టి "వారెంటు అంటూ కూర్చుంటే రైలెక్కి పోతాడు" అనేవాళ్లకు నా జవాబు ఇదే: ఈ పరిస్థితిలో చట్టం పోలీసు కాళ్లకు ఏ బంధమూ వేయలేదు. పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి కావలసినంత అధికారం 44లో ఉంది.

అయితే ఆ అధికారం "ఆ చోటు"కి కట్టుబడి ఉంది. ఫలానా ఇంట్లోకి దూరడం ఎవరైనా చూశారు, సెల్ టవర్ సమాచారం అటు చూపిస్తోంది, పోలీసు కుక్క అక్కడ ఆగింది, ఇలాంటి కారణం ఒకటి ఆ ఇంటికి సంబంధించి ఉండాలి. మొగల్రాజపురం కొండ మొత్తాన్ని ఒక చోటు అనలేం. కార్డన్ సెర్చ్ పేరుతో రెండొందల ఇళ్లు చూస్తారే, అందులో కారణం లేని ఇళ్లలోకి ఇంటివాళ్ల ఒప్పుకోలు మీదే వెళ్లాలి. జనం మామూలుగా ఒప్పుకుంటారు, ఒప్పుకోవడం మంచిదే కూడా. కానీ అడగాలి కదా. నిద్రలో ఉన్నవాళ్ల మంచం దగ్గర టార్చి వేసి నిలబడటం అడగడం కాదు.

ఇంకో తేడా గమనించండి. 44 కింద వెతికేది మనిషిని. మనిషి పట్టే చోట్లు చూడాలి: గదులు, అటక, మంచం కింద, బాత్రూం, డాబా మీద ట్యాంకు వెనకాల. బియ్యం డబ్బా, బీరువా సొరుగు, ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగు తెరవడం మొదలైందంటే వస్తువుల సోదాలోకి దిగినట్టే. దానికి దారి వేరు. 185 కింద కారణాలు ముందే రాసుకోవాలి, ఆ రికార్డు నకలు 48 గంటల్లోపు దగ్గరలోని మేజిస్ట్రేటుకు చేరాలి. 103 ప్రకారం ఆ ప్రాంతంలో ఉండే ఇద్దరు స్వతంత్ర సాక్షులుండాలి, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాసి ఇంటివాళ్లకు నకలివ్వాలి. మన జిల్లాల్లో మధ్యవర్తులుగా వీఆర్వోలను వెంట తెచ్చుకోవడం అలవాటైపోయింది. స్థానికులెవరూ దొరకనప్పుడో, ముందుకు రానప్పుడో మాత్రమే బయటివాళ్లను తేవాలని సెక్షన్ చెబుతుంది.

వీడియో గురించి కూడా. సోదాను, స్వాధీనాన్ని ఫోన్‌తోనైనా ఆడియో వీడియో తీసి ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలని 105 అంటోంది. అది 7వ అధ్యాయానికీ, 185కీ వర్తిస్తుంది. 44 ఉన్నది 5వ అధ్యాయంలో. అంటే మనిషి కోసం చేసే సోదాకు వీడియో తప్పనిసరి అని సూటిగా రాసి లేదు. ఇది చట్టంలో పెద్ద లోటని నా ఉద్దేశం. కానీ ఆ ఇంట్లోంచి ఒక్క ఫోనో, బైకో తీసుకున్న మరుక్షణం 105 వచ్చేస్తుంది. ఫోన్ పట్టుకెళ్తుంటే ఐఎంఈఐ నంబరు రాసిన స్వాధీన పత్రం అడగండి.

పాత ఖాకీ

ప్లీడరు గారు చెప్పిన దాంట్లో తప్పు పట్టేదేమీ లేదు. పని చేసే వైపు నుంచి కొంత చేరుస్తాను.

గాలింపులో అతి ఎందుకు జరుగుతుందో ముందు చూడాలి. ఖైదీ తప్పించుకోవడం చాలాసార్లు ఎస్కార్ట్ లోపమే. ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) సిబ్బంది తక్కువ, కోర్టు పని ఆలస్యమై చీకటి పడటం, దారిలో హోటల్ దగ్గర ఆపి తినడానికో మూత్రవిసర్జనకో బేడీ తీయడం. కొత్త చట్టంలో 43(3) ప్రకారం కస్టడీ నుంచి గతంలో తప్పించుకున్నవాడికి, హత్య కేసులో ఉన్నవాడికి బేడీలు వేయొచ్చు. ఆ అవసరాన్ని ముందే రికార్డు చేసి, హోటళ్ల దగ్గర ఆగకుండా భోజనం బండిలోనే పెడితే సగం గాలింపులు అసలు మొదలే కావు. తప్పించుకున్నాక ఎస్కార్ట్ సిబ్బందికి సస్పెన్షన్, నిర్లక్ష్యంతో వదిలేసినందుకు కేసు. పైనుంచి గంటకో ఫోన్. ఆ ఒత్తిడంతా కింద కొండ మీద తలుపుల మీద పడుతుంది.

కొండ ఇళ్లలో సోదా చేయడం వేరే విద్య. గోడకు గోడ ఆనుకుని ఉంటాయి, ఒక డాబా మీంచి ఇంకో డాబా మీదికి అడుగు వేయొచ్చు. బయటి వలయం పూర్తికాకుండా తలుపులు కొట్టడమే అక్కడ జరిగే పెద్ద పొరపాటు. ముందు మెట్లదారి కింది చివర, పై చివర, వెనక కాలిబాట, డాబాలు కనిపించే ఒక ఎత్తైన చోటు పట్టుకోవాలి. తర్వాతే లోపలి బృందం కదలాలి. అందులో తలుపు కొట్టి మాట్లాడేవాడొకడు, పక్క కిటికీనీ వెనకవైపునీ చూసేవాళ్లిద్దరు, మహిళా కానిస్టేబుల్ ఒకరు, ఏ ఇంటికి ఎన్నింటికి వెళ్లాం, ఎవరు తీశారు అని నోటుబుక్కులో రాసేవాడొకడు. ఆ రాసేవాణ్ణే మొదట తీసేస్తారు, మనుషులు చాలడం లేదని. అప్పుడు చూసిన ఇంటినే మళ్లీ చూస్తారు, చూడని ఇల్లు మిగిలిపోతుంది, వాడు అందులోనే ఉంటాడు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే సిబ్బంది దగ్గర చూపించడానికి కాగితం కూడా ఉండదు.

రాత్రిపూట మఫ్టీ వద్దు. మామూలు బట్టల్లో నలుగురు తలుపు తన్నితే జనం దొంగలనుకుంటారు, చేతికందింది తీసుకుంటారు. ఇవతలివాడు దాన్ని దాడి అనుకుంటాడు. అరెస్టు చేసే అధికారికి పేరు స్పష్టంగా కనిపించే గుర్తింపు ఉండాలని 36 ఊరికే చెప్పలేదు. టాస్క్‌ఫోర్స్, సీసీఎస్ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్), లోకల్ స్టేషన్ మూడూ విడివిడిగా తిరిగితే ఒకరినొకరు కాల్చుకునే ప్రమాదం కూడా ఉంది. వైర్‌లెస్ ఒకటే, అజమాయిషీ ఒకరిదే ఉండాలి.

తుపాకీ విషయంలో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి. రేకుల షెడ్డుకీ, సిమెంటు ఇటుక గోడకీ రైఫిల్ తూటా ఆగదు. పక్కింట్లో పిల్లలు పడుకుని ఉంటారు.

2013 ఫిబ్రవరిలో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో మాజీ పోలీసు ఒకడు పోలీసులనూ వాళ్ల కుటుంబాలనూ చంపుతూ తిరిగాడు. వాడి కోసం గాలిస్తుండగా 7వ తేదీ తెల్లవారుజామున టారెన్స్‌లో పేపర్లు వేస్తున్న తల్లీకూతుళ్ల బండి మీద 8 మంది పోలీసులు నూటికి పైగా తూటాలు కాల్చారు. వెతుకుతున్న బండి బూడిద రంగు నిస్సాన్, వీళ్లది నీలం టయోటా. ఇద్దరూ బతికారు. నగరపాలన 42 లక్షల డాలర్ల పరిహారం చెల్లించింది. పికప్ బండి అన్న ఒక్క పోలికతో జరిగిందది. ఒకడు కాల్చగానే మిగతావాళ్ల వేళ్లూ ట్రిగ్గర్ మీదికి వెళ్లాయి. మన నాకాబందీలో (రోడ్డు మీద వాహనాల తనిఖీలో) "తెల్ల స్విఫ్ట్" అన్న కబురు వస్తే కాజ టోల్‌గేటు దగ్గర గంటలో ఎన్ని తెల్ల స్విఫ్టులు పోతాయో ఆలోచించండి. రిజిస్ట్రేషన్ నంబరు, గీతలు, స్టిక్కర్లు, లోపల ఎంతమంది అన్న వివరాలు లేకుండా కబురు పంపడమే తప్పు.

భవానీపురం రవి

అంతా బాగానే ఉంది సార్. అవతల ఉన్నవాడు నలుగుర్ని చంపినవాడు. కానిస్టేబుల్ ప్రాణం పోతే ఈ సెక్షన్లు వచ్చి కాపాడతాయా? పోలీసుల చేతులు కట్టేసి పట్టుకురమ్మంటే ఎలా? కనిపించగానే కాల్చేయాలి, లేకపోతే మళ్లీ బెయిల్, మళ్లీ హత్య.

గుంటూరు ప్లీడరు

రవి గారూ, కానిస్టేబుల్ ప్రాణం గురించి మీ బాధ సరైనదే. 2020 జులైలో కాన్పూర్ దగ్గర బిక్రూలో వికాస్ దూబే అనే గ్యాంగ్‌స్టర్‌ను పట్టుకోవడానికి వెళ్లి డీఎస్పీ స్థాయి అధికారితో సహా 8 మంది పోలీసులు చనిపోయారు. వాళ్ల ప్రాణాలు తీసింది చట్టమో, వారెంటో కాదు. వస్తున్నారన్న కబురు పోలీసుల్లోంచే ముందుగా దూబేకు చేరింది, దారికి అడ్డంగా జేసీబీ పెట్టి డాబాల మీంచి కాల్చారు. స్థానిక పోలీసులు దూబేతో కుమ్మక్కయ్యారని జస్టిస్ బీఎస్ చౌహాన్ కమిషన్ చెప్పింది. సిబ్బంది ప్రాణాలు నిలబడాలంటే స్టేషన్లోంచి కబురు బయటికి పోకుండా చూడాలి, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు ఇవ్వాలి, వెళ్లే ముందు ఆ చోటును దూరం నుంచి చూసి రావాలి. బలగం సరిపోకపోతే ఆగి, చుట్టుముట్టి కూర్చోవాలి. చుట్టుముట్టినవాడికి ఆకలి, దాహం, నిద్ర ఉంటాయి.

"కనిపించగానే కాల్చేయాలి" అన్నదానికి చట్టంలో చోటు లేదు. అరెస్టును ఎదిరిస్తే అవసరమైన అన్ని మార్గాలూ వాడొచ్చని 43(2) చెబుతుంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేనివాణ్ణి చంపే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదని 43(4) చెబుతుంది. హత్య కేసులో ఉన్నవాడికి ఆ రెండోది వర్తించదు కదా, కాల్చేయొచ్చు కదా అని కొందరు చదువుకుంటారు. అది తప్పు. "అవసరమైన" అన్న మాట అక్కడే ఉంది. చేతులెత్తినవాడి మీద, బేడీల్లో ఉన్నవాడి మీద తుపాకీ ఎప్పటికీ అవసరం కాదు.

కాల్పులు జరిగి మనిషి పోతే ఏం చేయాలో 2014 సెప్టెంబరు 23న పీయూసీఎల్ (పౌర హక్కుల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వేగు సమాచారం ముందే ఏదో ఒక రూపంలో రాసి ఉండాలి. ఎఫ్‌ఐఆర్ కట్టి కోర్టుకు పంపాలి. దర్యాప్తు సీఐడీ గానీ వేరే స్టేషన్ బృందం గానీ చేయాలి, కాల్పుల్లో ఉన్న బృందం నాయకుడి కంటే కనీసం ఒక మెట్టు పై అధికారి పర్యవేక్షించాలి. వాడిన ఆయుధాలు పరీక్షకు అప్పగించాలి. పోస్టుమార్టం జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు డాక్టర్లు చేయాలి, వీడియో తీయాలి. మేజిస్ట్రేటు విచారణ తప్పదు. ఘటన జరిగిన వెంటనే ప్రమోషన్లు, శౌర్య పతకాలు ఇవ్వకూడదు. కాలి మీద కాల్చి తీవ్రంగా గాయపరిచిన కేసుల్లోనూ వీలైనంతవరకు ఇవే పాటించాలి. ఆ "కాలి మీద కాల్పుల"కు ఏ నియమమూ లేదనుకునేవాళ్లు చాలామంది, అందుకే చెబుతున్నాను.

ఈ నియమాల వెనక మన రాష్ట్రమే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎదురుకాల్పుల మీద వచ్చిన ఫిర్యాదులతోనే 1997 మార్చిలో జస్టిస్ వెంకటాచలయ్య ఛైర్మన్‌గా ఉన్న జాతీయ మానవ హక్కుల కమిషన్ అన్ని రాష్ట్రాలకూ మార్గదర్శకాలు పంపింది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగుర్ని పోలీసులు కాల్చినప్పుడు జనం పూలు చల్లారు. సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏం తేల్చిందో ఆ పూలు చల్లినవాళ్లు ఎంతమంది చదివారో తెలియదు. చంపే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని, 10 మంది పోలీసుల మీద విచారణ జరపాలని చెప్పింది. ఇప్పుడు ఆ కుటుంబాలకు ఎవరేం చెప్పగలరు?

బ్రాడీపేట సుధ

బంధువుల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. గాలింపుల్లో ఎక్కువ అన్యాయం జరిగేది అక్కడే. "వాడు లొంగిపోయేదాకా వీళ్లను వదలం" అనడానికి ఏ చట్టంలోనూ ఆధారం లేదు.

తల్లి, 60 దాటిన మగవాళ్లు, 15 లోపు పిల్లలు, ఆడవాళ్లు, దివ్యాంగులు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లు, వీళ్లెవరినీ సాక్ష్యం కోసం స్టేషన్‌కి రమ్మనకూడదు. 179 ప్రకారం వాళ్లుండే చోటికే వెళ్లి అడగాలి. పాత చట్టంలో ఆ వయసు 65, ఇప్పుడు 60. మిగతావాళ్లనైనా రాతపూర్వకంగా పిలవాలి, అదీ తన స్టేషన్ లేదా పక్క స్టేషన్ పరిధిలో ఉన్నవాళ్లనే. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. "అరెస్టు చేయలేదు, ఊరికే కూర్చోబెట్టాం" అంటే అది అక్రమ నిర్బంధం.

బంధువులూ ఒకటి తెలుసుకోవాలి. పారిపోయినవాడికి తెలిసి ఆశ్రయమిస్తే బీఎన్‌ఎస్ 253 కింద నేరం. మరణశిక్ష పడే కేసైతే 7 ఏళ్ల వరకు, యావజ్జీవం కేసైతే 3 ఏళ్ల వరకు శిక్ష ఉంటుంది. అన్నం పెట్టడం, డబ్బివ్వడం, బండి మీద దించడం కూడా ఆశ్రయం కిందికే వస్తాయి. మినహాయింపు భార్యకో భర్తకో మాత్రమే. తల్లికి లేదు, అన్నదమ్ములకు లేదు. ఈ మినహాయింపు ఇంత ఇరుకుగా ఉండటం నాకు నచ్చదు, కానీ చట్టం అదే.

ఎవరినైనా తీసుకెళ్తే మొదటి గంటల్లో చేయాల్సిన పనులు చెబుతాను. 112కి ఫోన్ చేసి "ఫలానా వ్యక్తిని ఇన్ని గంటలకు, ఈ నంబరు బండిలో తీసుకెళ్లారు" అని చెప్పండి. సాయం వచ్చినా రాకపోయినా కాల్ సమయం రికార్డవుతుంది. అదే విషయం కమిషనరేట్‌కో ఎస్పీ ఆఫీసుకో ఈమెయిల్, వాట్సాప్ రెండూ పంపండి. జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లోనూ స్టేషన్లోనూ అరెస్టయినవాళ్ల వివరాలు ప్రదర్శించాలని 37 చెబుతుంది, ఆ బోర్డు ఫొటో తీసుకోండి. పేరు లేకపోతే అదే మీ సాక్ష్యం. వీధిలో షాపులకు కెమెరాలుంటే ఆ రోజే డీవీఆర్ నుంచి కాపీ తీయించండి. చిన్న షాపుల్లో హార్డ్‌డిస్క్ నిండగానే పాతది చెరిగిపోతుంది, వారం ఆగితే ఏమీ మిగలదు. 15100కి చేస్తే ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

రాత్రికీ వదలకపోతే హెబియస్ కార్పస్, అంటే ఆ మనిషిని కోర్టు ముందు పెట్టించమని వేసే పిటిషన్. హైకోర్టు ఇక్కడే నేలపాడులో ఉంది, సెలవు రోజైనా హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గరే వినే అత్యవసర పిటిషన్) వేయొచ్చు. అంతకంటే దగ్గర దారి ఇంకోటుంది, జనానికి తెలియదు. అక్రమంగా నిర్బంధించిన మనిషి కోసం ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు 100వ సెక్షన్ కింద సెర్చ్ వారెంటు ఇవ్వొచ్చు. దాని మీద కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్ నేరుగా స్టేషన్‌కి వెళ్లి చూసిన సందర్భాలు మన రాష్ట్రంలో ఉన్నాయి. పిటిషన్‌లో తేదీ, గంట, బండి నంబరు, చూసినవాళ్ల పేర్లు స్పష్టంగా రాయాలి. "పోలీసులు తీసుకెళ్లారు" అని ఊరికే రాస్తే నిలవదు.

గాలింపు పేరుతో ఊరి మీద పడితే ఎక్కడిదాకా పోతుందో వాచాత్తి చెబుతుంది. తమిళనాడు ధర్మపురి జిల్లాలో 1992 జూన్ 20న గంధపు చెక్క స్మగ్లర్ల కోసమని అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది గిరిజన గ్రామం మీద పడ్డారు. 18 మంది ఆడవాళ్ల మీద అత్యాచారం జరిగింది. 269 మంది నిందితుల్లో బతికున్న 215 మందికీ 2011లో శిక్షలు పడ్డాయి, 2023లో మద్రాసు హైకోర్టు వాటిని ఖాయం చేసింది. తీర్పు రావడానికి 19 ఏళ్లు పట్టింది.

సింగ్‌నగర్ శ్రీను

అందరికీ ధన్యవాదాలు. రెండు చిన్న సందేహాలు. మనం ఫోన్‌తో వీడియో తీయొచ్చా? కార్డన్ సెర్చ్‌లో వాడు దొరక్కపోయినా బైకులు పట్టుకెళ్తారు కదా, అదేంటి?

పాత ఖాకీ

తీయొచ్చు. సిబ్బంది దారికి అడ్డం రాకుండా, మీ గుమ్మంలోనో డాబా మీదో నిలబడి. లైవ్ మాత్రం పెట్టొద్దు. బలగం ఎటు ఉందో లోపలున్నవాడు ఫోన్లో చూస్తాడు. 26/11 దాడుల ప్రత్యక్ష ప్రసారాలను 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. అనుమానితుడంటూ ఎవరి ఫొటోనో వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడమూ అంతే ప్రమాదం. పోలికలున్న అమాయకుణ్ణి జనమే కొడతారు. మీరే ఎవరినైనా పట్టుకుంటే 6 గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి, చెయ్యి చేసుకోకూడదు.

బైకుల విషయం: ఆర్‌సీ, లైసెన్సు డిజిలాకర్‌లో ఉంటే చూపించండి, చెల్లుతాయి. కాగితాలు అసలే లేకపోతే మోటారు వాహనాల చట్టం 207 కింద ఆపుతారు, రసీదు ఇవ్వాలి. నా మట్టుకు నేను చెప్పేది, నేరస్థుడి కోసం వెళ్లిన రాత్రి బైకులు లెక్కపెట్టకూడదు. బలగం చెదురుతుంది, పైగా తర్వాతిసారి నిజమైన సమాచారం ఉన్న ఇంటివాడు కూడా తలుపు తీయడానికి జంకుతాడు.

బ్రాడీపేట సుధ

స్టేషన్ కెమెరాల మాట మర్చిపోయాను. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు అన్ని స్టేషన్లలో ఆడియోతో సహా రికార్డయ్యే సీసీ కెమెరాలు పెట్టమంది, ఫుటేజీ 18 నెలలు దాచాలి. గేటు, లాకప్, కారిడార్లు, వరండాలు అన్నీ వాటి కిందికి వస్తాయి. ఎవరినైనా వదిలిన మర్నాడే తేదీ, గంటలు రాసి ఫుటేజీ భద్రపరచమని దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేయించుకుని నకలు దగ్గర ఉంచుకోండి. మానవ హక్కుల కమిషన్‌కి వెళ్లాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి.